చూడకుండా కొన్న వీడియో గేములు

ఒకప్పుడు మా ఇంట్లో గది నిండా పాత వీడియో గేములు ఉండేవి. మంచం కింద, అటక మీద, బీరువా వెనక, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ తగిలేవి. కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

సరే, గది నిండా కాదు. ట్రంకు పెట్టెలో. ఆ ట్రంకు పెట్టె కూడా పూర్తిగా నిండలేదు, పైన రెండు రగ్గులు పట్టాయి. మొత్తం ఐదు గేములు, అందులో ఒకటి మా పాతదే. ఐదు అని మొదలుపెడితే వినేవాళ్లు మధ్యలోనే లేచిపోతారని ఇన్నాళ్లూ గది నిండా అని చెబుతూ వచ్చాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి సరిచేసుకుంటున్నాను.

వాటిలో మూడింటిని కంటితో చూడకుండా, చేత్తో తాకకుండా, ఇంటర్నెట్‌లో వేలం పాడి కొన్నాను. మూడింటి కిందా ఇంగ్లీషులో ఒకటే మాట ఉండేది. పరీక్షించలేదు, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం. ఆ మాట నమ్మి డబ్బు పంపిన మనిషి ఎవరు? గుంటూరు మిరప యార్డులో పేరుమోసిన కమీషన్ వ్యాపారి. కాయ చేత్తో పట్టుకుంటే యార్డు యార్డంతా ఆగి చూసేది.

యార్డంతా కాదులెండి. బస్తా తెచ్చిన రైతు ఒక్కడే ఆగి చూసేవాడు, అతనికి తప్పదు కాబట్టి. నాకున్నది కూడా సొంత కొట్టు కాదు, వరసకు బావమరిది అయ్యే ఒకాయనతో కలిసి పెట్టుకున్న కొట్టులో సగం వాటా. కానీ కాయ చూడటం మాత్రం నాకు వచ్చు. అందులో అబద్ధం లేదు. బస్తా పక్కన కోసి, మోచేతి దాకా లోపలికి దూర్చి, అడుగు నుంచి కాయ లాగి, విరిచి, గింజ చూసి, వాసన పీల్చి, అప్పుడు గాని ధర చెప్పేవాణ్ణి కాదు. పైన నిగనిగలాడే ఎర్ర కాయ పోసి, కింద తెల్లబారిన తాలు కాయ దాచిన బస్తాలు నా చేతికి దొరికిపోయేవి.

ఆ రోజుల్లో మా బేరాలు నోటితో జరిగేవి కావు. ఇద్దరం చేతులు కలిపి పైన కండువా కప్పుకునేవాళ్లం. లోపల వేళ్లు మాట్లాడుకునేవి. ఒక వేలు పట్టుకుంటే వంద, రెండు పట్టుకుంటే రెండొందలు, ఐదు వేళ్లూ కలిపి పట్టుకుంటే ఐదొందలు. పైన మొహాలు మాత్రం వానల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకునేవి. పక్కనున్నవాడికి ధర తెలిసేది కాదు.

పెళ్లైన కొత్తలో మా ఆవిడ ఈ విద్య నేర్పమంది. నేర్పడమే నేను చేసిన పొరపాటు. ఆ తర్వాత ఏ పెళ్లికి వెళ్లినా చదివింపుల వరసలో నిలబడగానే కొంగు చాటున నా చెయ్యి పట్టుకునేది. నేను ఒక వేలు ఇస్తే ఆమె మూడు నొక్కేది. నేను రెండు అంటే మళ్లీ మూడే నొక్కేది. పైకి మాత్రం పెళ్లికూతురి నగలు చూస్తూ నవ్వుతుండేది. యార్డులో ఎంతోమందిని దారికి తెచ్చాను గాని, కొంగు కింద బేరంలో ఒక్కసారీ గెలవలేదు.

ఆ చెయ్యే పడిపోయింది.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నాళ్లకు, ఒక ఉదయం మా ఆవిడ కాఫీ గ్లాసు అందుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. పక్షవాతం. ఆసుపత్రిలో కాలు త్వరగానే తేరుకుంది. నోరు అంతకన్నా ముందే తేరుకుంది. మంచం మీద నుంచే, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నానని నన్ను తిట్టింది. నర్సులు నవ్వారు, నాకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు.

"వేళ్లు వాడుతుంటేనే వస్తాయండి," అన్నాడు డాక్టరు. "ఊరికే ఉంచితే బిగుసుకుపోతాయి. ఒకసారి బిగిశాక మేము కూడా పెద్దగా చెయ్యగలిగింది ఉండదు."

నొక్కడానికి మెత్తటి బంతి ఒకటి ఇచ్చి పంపారు. ఆమె దాన్ని చూసి, "ఇదేంటండీ? నేనేమన్నా ఉయ్యాల్లో పిల్లనా?" అంది. బంతి మంచం కిందికి దొర్లింది. నేను తీసిస్తే మళ్లీ దొర్లింది. కుడిచేతిని కొంగులో చుట్టేసుకుని కూర్చునేది. పలకరించడానికి వచ్చినవాళ్లకు ఎడమచేత్తో మంచినీళ్లివ్వాల్సి వస్తుందని, ఎవరన్నా వస్తున్నారంటే లోపలి గదిలోకి వెళ్లి పడుకునేది.

ఆ ఇంట్లోకి మళ్లీ చప్పుడు తెచ్చింది మా పాత టీవీ గేము. తొంభైల మొదట్లో పిల్లల కోసం కొన్నాను. పిల్లల కోసం అనేది దుకాణంలో చెప్పిన మాట. వాళ్లు స్కూలుకెళ్లాక ఆడింది ఎవరో మా వీధి మొత్తానికి తెలుసు. బూడిద రంగు పెట్టె, దానికి రెండు రిమోట్లు, పైన గుచ్చడానికి పసుపు రంగు క్యాసెట్. అందులో ఒక కుందేలు పరుగెత్తుతూ దారిలో ఉన్న నూతుల మీద నుంచి దూకాలి. పిల్లలు పెద్దవాళ్లై ఉద్యోగాలకు వెళ్లాక అది అటకెక్కింది. పొద్దుపోక దించి, ఆమె పక్కనే కూర్చుని ఆడుతుండేవాణ్ణి.

"మళ్లీ అదే నూతిలో పడ్డాడు మీ సన్నాసి," అంది ఒకరోజు.

"వాడు సన్నాసి కాదు, కుందేలు."

"నేనన్నది వాణ్ణి కాదు. నుయ్యి వచ్చాక కాదండీ, రాకముందే ఎగరాలి. ఇటివ్వండి."

ఆ రిమోట్‌లో ఎడమ బొటనవేలితో పరుగెత్తించాలి, కుడి బొటనవేలితో దూకించాలి. కుందేలు బాగానే పరుగెత్తింది. నుయ్యి రాగానే బుడుంగున మునిగింది. ఆమె నా వైపు చూడలేదు. ఎడమచేత్తో కుడి బొటనవేలిని పట్టుకుని తెచ్చి మీట మీద పెట్టుకుంది. మళ్లీ మునిగింది. "నేను చూస్తాలే, మీరెళ్లి అన్నం తినండి," అంది.

ఆ వేలు మీటను నొక్కడానికి వారాలు పట్టింది. ఆ తర్వాత కుందేలు ఇరవై నూతులు దాటి కోటలో అడుగుపెట్టిందని మా బంధువులందరికీ చెప్పాను. దాటింది ఒక్క నుయ్యి. రెండోదాంట్లో పడింది. కానీ ఆ ఒక్కటి దాటినప్పుడు ఆమె అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. ఆమె లోపలి గదిలోకి పారిపోలేదు. కుడిచెయ్యి కొంగు బయటే ఉంది.

ఎండాకాలంలో గేము పోయింది. కరెంటు వస్తూ పోతూ ఉన్న ఒక మధ్యాహ్నం ఎర్ర దీపం ఆరిపోయి మళ్లీ వెలగలేదు. చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్తే, విప్పైనా చూడకుండా, "ఇలాంటివి ఇప్పుడు రావడం లేదండీ, బాగుచేసేవాళ్లూ లేరు," అని కొత్తవి చూపించాడు. వాటి రిమోట్లకు హార్మోనియానికి ఉన్నన్ని మెట్లున్నాయి. అయినా నచ్చకపోతే తిరిగిచ్చేస్తానని చెప్పి ఒకటి ఇంటికి తెచ్చి చూపించాను.

"దీనికి పది చేతులున్నవాళ్లు కావాలి. నాకున్నది ఒకటి," అంది. చెయ్యి మళ్లీ కొంగులోకి పోయింది.

పాతది ఎలాగైనా సంపాదించాలని అప్పుడే అనుకున్నాను.

మా వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన ఒక మేడమ్, టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోయాక దాన్ని మూసి నెట్ సెంటర్ పెట్టింది. కుర్చీలో వంగి కూర్చుంటే ఇప్పటికీ వీపు మీద స్కేలుతో కొట్టేలా చూసేది. పాత వస్తువులు వేలంలో దొరికే చోటుందని ఆమే చూపించింది. మా గేములాంటివి అందులో ఉన్నాయి! ఒకటి కలకత్తాలో, ఒకటి సూరత్‌లో. అమ్మేవాళ్లంతా ఇంచుమించు ఒకటే రాశారు. వైర్లు లేవు, అందుకని పరీక్షించలేదు.

"వైర్లు మా ఇంట్లో ఉన్నాయమ్మా," అన్నాను ధీమాగా. ధర కొట్టే సమయానికి భుజం మీది కండువా తీసి కీబోర్డు మీద కప్పాను.

మేడమ్ కళ్లజోడు పైనుంచి చూసింది. "అన్నయ్య గారూ, మీరు కొట్టిన ధర తెర మీద దేశమంతా చూస్తుందండి. కండువా దేనికి?"

"చూడనివ్వమ్మా. నా వేళ్లు చూడకపోతే చాలు."

మొదటిది వచ్చింది. మా వైరు పెట్టి, దాని చివరున్న కరెంటు నల్లడబ్బాను గోడకు గుచ్చి స్విచ్ వేస్తే దీపం వెలగలేదు. రెండోది విప్పితే అందులోంచి పాము వచ్చింది. పాము కాదు, బల్లి. బల్లి కూడా కాదు, ఎప్పుడో ఎండిపోయిన బల్లి తోక. అదీ వెలగలేదు. మూడోది ఊపితే గలగలమంది, వెలగలేదు. మూడూ తాలు కాయలే అని తేల్చాను.

మా ఆవిడ మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తూనే ఉంది. "అడుగు కాయ విరిచి చూడందే రైతు మొహం కూడా చూడని మనిషి, మూట విప్పకుండా కొంటున్నాడు! ఈ సంగతి యార్డులో తెలిస్తే మీకు టీ కూడా పొయ్యరు."

నవ్వుతూనే అంది. కానీ ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్తే ఆయన నవ్వలేదు. చూపుడువేలు వంచి చూసి, "ఇది బిగుస్తోంది. ఇంట్లో ఏం చేయించడం లేదా?" అన్నాడు.

ఆ వారంలోనే నాలుగోది కనిపించింది. అచ్చంగా మాదే. అదే బూడిద రంగు, అదే కంపెనీ. దీనికి అట్టపెట్టె ఉంది, లోపలి పుస్తకం ఉంది, వైర్లు కూడా ఉన్నాయి. ఇంట్లో పాత టీవీ లేదు కాబట్టి పరీక్షించలేదని రాశారు. నేను ధర కొట్టాను. పూణే మనిషి ఒకాయన పైకి కొట్టాడు. నేను కొడితే ఆయన కొడుతున్నాడు. ఒకే లాటు సరుకు మీద ఇద్దరు కొనుగోలుదారులు నిలబడితే యార్డులో ఏం చేస్తాం? అరుచుకోం. ఒకడు రెండోవాణ్ణి పక్కకు తీసుకెళ్లి, ఇది నాకొదులు, ఆ పక్కది నువ్వు తీసుకో అంటాడు. లేదంటే లాటు ఇద్దరూ పంచుకుంటారు. అది మాకు పద్ధతి, మర్యాద కూడా.

"అమ్మా, ఆయనకు ఉత్తరం రాయొచ్చా ఇందులో?"

"రాయొచ్చండి. ఏమని?"

"అయ్యా, ఈ లాటు నాకొదలండి. తర్వాత వచ్చేది మీకొదులుతాను, లేదంటే పంచుకుందాం. మా ఇంట్లో మనిషి చెయ్యి కోసం అడుగుతున్నాను. అంతే, ఇంగ్లీషులో కొట్టమ్మా."

మేడమ్ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. "ఇలా రాయకూడదేమోనండీ." నేను బతిమాలితే రాసింది.

ఆ తర్వాత ఆ వేలం వాళ్లకు బుద్ధి చెప్పి, మీ వ్యాపారానికో దండం అని లేచొచ్చేశానని నేను చెప్పుకుంటాను. జరిగింది వేరు. మర్నాడు వాళ్ల దగ్గర్నుంచి హెచ్చరిక వచ్చింది. పాట పాడేవాళ్లు తమలో తాము కుమ్మక్కు కావడం నిషిద్ధం, మీ ఖాతా ఆపేస్తున్నాం. నేను తల దించుకుని కూర్చుంటే మేడమ్ మంచినీళ్లిచ్చింది. లాటు పూణే ఆయనకు పోయింది.

ఇంటికొచ్చి, "ఆ లాటు బాగాలేదు, వదిలేశాను," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. "వదిలేసిన మొహం కాదది," అంది.

కొన్నాళ్లకు మేడమ్ మా గుమ్మంలోకే వచ్చి పిలిచింది. పూణే ఆయన ఆమె ఈమెయిలుకు ఉత్తరం రాశాడు. తెలుగు చేసి చదివింది. "ఇంట్లో మనిషి చెయ్యి అని రాశారు. నాకు అర్థం కాలేదు. ఆమెకేమైంది?"

జవాబు నేను చెబుతుంటే మేడమ్ టైపు కొట్టింది. మా ఆవిడ ఈ గేములో జిల్లా మొత్తానికి మొదటి స్థానం అని మొదలుపెట్టాను. మేడమ్ ఆగిపోయి, "ఇది తీసేయమంటారా?" అంది.

"తీసెయ్యమ్మా." ఆ తర్వాత ఉన్నదే చెప్పాను. కొంగులో చెయ్యి, ఒక్క నుయ్యి, బిగుస్తున్న వేలు.

ఆయన మళ్లీ రాశాడు. "నేను గేములు ఆడను. వాటి అట్టపెట్టెలు, లోపలి పుస్తకాలు దాచుకోవడం నా సరదా. ఆ రెండూ నేనుంచుకుని మెషీను, వైర్లు మీకు పంపుతున్నాను. పనిచేస్తుందని మాటివ్వలేను. డబ్బు వద్దు. మీ ఊరి మిరపకాయల గురించి వింటుంటాను, వీలైతే కొంచెం పంపండి."

లాటు పంచుకోవడం అంటే ఇదే కదా! ముక్కూ మొహం తెలియని మనిషి, గుంటూరు యార్డు గడప తొక్కని మనిషి, మా పద్ధతి పాటించాడు.

పార్శిల్ వచ్చిన రోజు నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. వైర్లన్నీ పెట్టాక స్విచ్ వేయమని ఆమెతోనే అన్నాను. ఆమె ఎడమచెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుని, కుడి పిడికిలి కణుపుతో నెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. కుందేలు వచ్చి నిలబడింది.

నేను ఏదో అనబోతుంటే ఆమె గోడ వైపు చూస్తోంది. "ఏవండీ, ఆ గోడకు గుచ్చిన నల్లడబ్బా మనది కాదు, పూణే నుంచి వచ్చింది కదా. దాన్ని మన పాతదానికి పెట్టి చూడండి."

"అదెప్పుడో చచ్చిపోయింది కదే."

"చచ్చిందని చెప్పిందెవరు? మీరేగా."

పెట్టాను. మా పాతది వెలిగింది. కలకత్తాది వెలిగింది. గలగలమనేది కూడా వెలిగింది. బల్లి తోక ఉన్నది ఒక్కటే నిజంగా పోయింది. పాడైంది మా నల్లడబ్బా. ఆ పాడైనదాన్నే గుచ్చి చూసి, వచ్చినవాటినన్నిటినీ తాలు కాయలని తిట్టాను. కాటా చెడిపోయిందని చూసుకోకుండా, బస్తాలన్నీ తక్కువ తూగుతున్నాయని రైతుల మీద కేకలేసే వ్యాపారిలాగా.

ఆమె నవ్వింది. పక్షవాతం వచ్చాక అలా నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకోవడానికి కొంగు అందుకుంది. ఏ చేత్తో అందుకుందో ఆమె గమనించుకోలేదు. నేను గమనించాను.

ఒక నల్లడబ్బా కొనుక్కుంటే తీరిపోయే పని కదా, ఇంత తతంగం ఎందుకయ్యా అని ఎవరన్నా అడుగుతారు. నిజమే. నాకు మాత్రం ఆ డబ్బా పాడైనందుకు కృతజ్ఞతగానే ఉంటుంది. లేకపోతే కండువా చూసి నవ్విన మేడమ్ ఇంగ్లీషు ఎంత చక్కటిదో నాకు తెలిసేది కాదు. పూణేలో మాకొక మనిషి ఉండేవాడు కాదు. మా ఆవిడ ఆ నవ్వు నవ్వేది కాదు.

మిరపకాయలు వెంటనే పంపుదామంటే ఆమె ఒప్పుకోలేదు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న పాత కాయ పంపితే పరువు పోతుందట. కొత్త కాయ వచ్చేదాకా ఆగాం. ఈలోగా కుందేలు రెండో నుయ్యి దాటింది, మూడోది దాటింది. బొటనవేలు చేసే పని చూసి చూపుడువేలు కూడా కొంచెం కదిలింది. డాక్టరు ఏం చేయిస్తున్నారని అడిగితే, "నూతులు దాటిస్తున్నానండి," అని ఆమే చెప్పింది.

కొత్త పంట యార్డుకు రాగానే కొట్టులో నా భాగస్వామి మంచి కాయ ఏరి బస్తా ఒకటి ఇంటికి తెచ్చాడు. ఎదురుగా కాటా పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎంత తూయమంటావు బావా?"

ఆమె నా పక్కనే బల్ల మీద కూర్చుని ఉంది. కిలో చాలదూ అనుకుంటూ ఆమె వైపు తిరిగాను. నా భుజం మీది కండువా అంచు కదిలింది. దాని కింద ఒక చెయ్యి వచ్చి నా చేతిని వెతుక్కుంది. కుడిచెయ్యి. పైకి మాత్రం ఆమె నా భాగస్వామిని, "వదిన కులాసానా అన్నయ్యా?" అని అడుగుతోంది.

కిలో అని నేను ఒక వేలు ఇచ్చాను. ఆమె దాన్ని వదిలేసింది. రెండు ఇచ్చాను. వదిలేసింది. అప్పుడు తన వేళ్లతో నా చేతిని మొత్తంగా పట్టుకుని నా ఎముకలు విరిగిపోయేలా నొక్కింది.

అంత కాదు. ఎండిన మిరపకాయ చేతిలో పెడితే ఎంత బరువుంటుందో అంతే ఉంది ఆ పట్టు. అదీ నా చిటికెనవేలి దాకా రాలేదు. దగ్గరిదాకా వచ్చి ఆగిపోయింది. పట్టుకున్నది నాలుగే.

"ఐదు కిలోలు తూయి బావా," అన్నాను.

ఆమె ఒకసారి నా మొహంలోకి చూసింది. వేళ్ల లెక్కన తప్పు చెప్పానని ఆమెకు తెలుసు. చెయ్యి తీయకుండా అలాగే ఉంచి, "తొడిమలు ఊడని కాయ చూసి వెయ్యి అన్నయ్యా," అంది.